లంగరుకీ గట్టుకీ మధ్య

అమెరికా వాయవ్య మూలన, సియాటిల్‌కు ఉత్తరంగా, కెనడా సరిహద్దును ఒరుసుకుంటూ శాన్ హువాన్ దీవులు ఉన్నాయి. ఎండాకాలం వచ్చిందంటే ఆ దీవుల నడుమ తెరచాప పడవల సందడి మొదలవుతుంది. ముప్పై, ముప్పై అయిదు అడుగుల పడవ, లోపల పడకలు, ఓ చిన్న వంటగది, గాలి లేనప్పుడు నడపడానికి డీజిల్ ఇంజిన్. పగలంతా గాలివాటున సాగి, పొద్దు వాలేసరికి ఏదో ఒక దీవి చాటున లంగరు వేసుకుంటారు. చిక్కు అక్కడే వస్తుంది. గాలి తోపుకు పడవ బోర్లపడకుండా దాని అడుగున బరువైన కీల్ ఉంటుంది. అది నీటిలోకి అయిదారు అడుగుల లోతు దిగి ఉంటుంది కాబట్టి పడవ గట్టుకు రాలేదు. రేవు కట్టిన చోట సరే, కానీ అక్కడి అందమైన చోట్లు చాలావాటికి రేవు లేదు. సూషా దీవినే చూడండి. దానికి వంతెన లేదు, ఫెర్రీ లేదు. 1960లో ఆ ప్రాంతపు పడవ క్లబ్బుల వాళ్ళు చందాలు పోగుచేసి ఆ దీవిని కొని, పార్కుగా ఉంచమని వాషింగ్టన్ రాష్ట్రానికి అప్పగించారు. ఫాసిల్ బే అనే ఒక మూలన చెక్క రేవు ఉంది. మిగతా అఖాతాల్లో ఆగినవాళ్ళు ఇంకో చిన్న పడవ ఎక్కి ఒడ్డుకు పోవాలి.

ఆ చిన్న పడవే డింగీ. హుస్సేన్ సాగర్‌లో పోటీలకు దించే తెరచాప డింగీలు వేరు. ఇది పెద్ద పడవకు తాడుతో కట్టుకుని వెంట తీసుకుపోయే ఎనిమిది, పది అడుగుల పడవ. వెనక పలకకు తగిలించే చిన్న మోటారును ఔట్‌బోర్డ్ అంటారు. సియాటిల్, రెడ్మండ్, బెల్‌వ్యూ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పడవ నడపడం నేర్చుకుని అనకోర్టెస్, బెల్లింగ్‌హామ్ రేవుల్లో వారానికి అద్దెకు తీసుకునేవాళ్ళకూ, ఆ రుచి మరిగి సొంతానికి కొనుక్కోవాలనుకునేవాళ్ళకూ ఈ ప్రశ్న ఎదురవుతుంది: ఏ డింగీ, ఎంత మోటారు? దుకాణంలో దొరికే జవాబు ఒకటే. డింగీ వెనక అతికించిన రేకు మీద ఎంత హార్స్‌పవర్ దాకా పెట్టవచ్చో రాసి ఉంటుంది, అంతా పెట్టేయండి అంటారు. ఈ సలహా తీరం వెంబడి తిరిగే చాలామందికి పనికిరాదని నా వాదన. డింగీని వేగంతో కాదు, బరువుతో ఎంచాలి. ఆ బరువును కూడా పడవలో ఉండే ఇద్దరిలో బలం తక్కువున్న మనిషి లెక్కన చూడాలి.

పెద్ద మోటారు సలహా పుట్టిన చోటు ఒకటుంది. ఆ చోట అది సరైన సలహానే. బహామా దీవుల్లో జార్జ్‌టౌన్ అనే ఊరి ఎదుట ఎలిజబెత్ హార్బర్ ఉంది. చలికాలంలో వందల పడవలు అవతలి పక్క స్టాకింగ్ దీవి దగ్గర లంగరు వేసుకుని నెలల తరబడి ఉంటాయి. కూరగాయలు, నీళ్ళు, బ్యాంకు అన్నీ ఇవతలి ఊళ్ళో. మధ్యలో ఒక మైలుకు పైగా తెరిపి నీరు, దాని మీద తూర్పుగాలి లేపే పొట్టి అలలు. వారానికి రెండు మూడు సార్లు సరుకుల సంచులతో, నీళ్ళ డబ్బాలతో తడవకుండా దాటాలంటే గట్టి అడుగున్న డింగీ, పదిహేను హార్స్‌పవర్ మోటారు ఉంటేనే పని జరుగుతుంది. పైగా అక్కడ పోటుకీ ఆటుకీ మధ్య తేడా మూడడుగులకు మించదు, డింగీని కట్టేయడానికి ఊళ్ళో రేవు ఉంది, ఒడ్డు మీదికి ఎత్తి లాగే పని దాదాపు లేదు. ఏళ్ళ తరబడి సముద్రం మీదే కాపురం పెట్టే ఇలాంటివాళ్ళే పడవల పుస్తకాలు, పత్రికలు ఎక్కువగా రాస్తారు. వాళ్ళ అవసరం అందరి అవసరంగా చెలామణీ అయిపోయింది. శనాదివారాల్లో, లేదా ఏడాదికి రెండు వారాలు, చాటు అఖాతాల్లో ఆగే కుటుంబం నీటి లెక్క వేరు, ఒడ్డు లెక్క ఇంకా వేరు.

నీటి లెక్క ముందు చూద్దాం. పడవ కదిలినప్పుడు ముక్కు దగ్గర ఒక అల లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరుగుతుంది. అల పొడవు పడవ పొడవుకు సమానమైన చోట పడవ తాను లేపిన అలనే ఎక్కలేక ఎదురీదుతున్నట్టవుతుంది. అక్కడి నుంచి ఎంత ఇంధనం తగలేసినా అలే పెద్దదవుతుంది తప్ప వేగం పెరగదు. ఈ హద్దును అంచనా వేసే పాత సూత్రం ఒకటుంది: నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో వేగం వస్తుంది. నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు. ఎనిమిది అడుగులకు 3.8 నాట్లు, పది అడుగులకు 4.2 నాట్లు. గాలి నింపే డింగీల్లో నీటిని తాకే భాగం ఇంకా పొట్టి కనక మూడున్నర దగ్గర ఆగిపోతుంది. ఈ వేగానికి రెండు, రెండున్నర హార్స్‌పవర్ చాలు. దీన్ని దాటాలంటే ఒక్కటే దారి, పడవ నీటిని చీల్చడం మాని నీటి మీదికి లేచి జారాలి. తేలికపాటి గట్టి అడుగు డింగీలో ఒంటరి మనిషికి అందుకు ఆరు, ఎనిమిది హార్స్‌పవర్ పడుతుంది, ఇద్దరు ముగ్గురు ఎక్కితే పది దాకా కావాలి. అందువల్ల నాలుగు, అయిదు, ఆరు హార్స్‌పవర్ మోటార్లు కుటుంబానికి అటూ కావు, ఇటూ కావు. రెండున్నర చేసే పనినే కొంచెం దర్జాగా చేస్తాయి. ఎదురుగాలిలో, నిండు బరువుతో కొంత సాయపడతాయి, కాదనను. కానీ రెట్టింపు బరువు మోయడానికి ఆ సాయం చాలదు.

జారే వేగం వల్ల మిగిలేదెంతో కూడా లెక్క కట్టాలి. అఖాతంలో లంగరు వేసిన చోటు నుంచి ఒడ్డు సుమారు నాలుగు వందల మీటర్లు అనుకుందాం. ఈ దీవుల్లో చాలాచోట్ల అంతకంటే దగ్గరే. మూడున్నర నాట్లతో పోతే నాలుగు నిమిషాల లోపే చేరతాం. పన్నెండు నాట్లతో దూసుకుపోతే ఒక నిమిషం పడుతుంది. మిగిలింది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల కోసం లంగరు వేసి ఉన్న ఇరవై పడవలనూ ఊపేసి, లోపల పొయ్యి మీది గిన్నెలు ఒలికించి పోవడం ఎక్కడా మర్యాద కాదు. శాన్ హువాన్ జిల్లాలో దానికి పట్టింపు ఇంకా ఎక్కువ. 1996లో ఆ జిల్లా తన నీళ్ళలో జెట్ స్కీలను నిషేధించింది. వ్యవహారం రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళితే 1998లో కోర్టు నిషేధాన్నే సమర్థించింది. వేగంగా పోగలిగే డింగీ ఉన్నవాళ్ళు కూడా ఈ అఖాతాల్లో నెమ్మదిగానే నడపాలి. వాడుకోలేని వేగానికి డబ్బు కట్టడం ఒక నష్టం, దాని బరువు రోజూ మోయడం రెండోది.

ఇక ఒడ్డు లెక్క. హోండా రెండుంపావు, సుజుకి రెండున్నర హార్స్‌పవర్ మోటార్లు పద్నాలుగు కిలోల లోపు తూగుతాయి. తొహాట్సు ఆరు హార్స్‌పవర్ మోటారు సుమారు ఇరవై ఆరు కిలోలు, అదే కంపెనీ తొమ్మిది పాయింట్ ఎనిమిది సుమారు ముప్పై ఏడు. దుకాణంలో ఎవరూ అంతగా చెప్పని సంగతి ఒకటుంది: ఆ కంపెనీ నాలుగు, అయిదు, ఆరు హార్స్‌పవర్ మోటార్లకు ఇనుము ఒకటే, బరువూ ఒకటే. ఎనిమిదికీ తొమ్మిది పాయింట్ ఎనిమిదికీ అంతే. కాబట్టి హార్స్‌పవర్ పట్టిక చూసి ఒక మెట్టు తగ్గించుకున్నాం, తేలికైందనుకుంటే పొరపాటు. ఈ మోటారు డింగీకే అంటిపెట్టుకుని ఉండదు. ప్రయాణంలో దాన్ని విప్పి పెద్ద పడవ వెనక రెయిలింగుకు తగిలించాలి. మోటారుతో సహా డింగీని లాక్కుపోతే వెనక నుంచి వచ్చే అలకు అది బోల్తా కొట్టవచ్చు, మోటారు ఉప్పునీటి పాలవుతుంది. లంగరు వేశాక మళ్ళీ దించాలి. అంటే ఒకరు కదిలే డెక్కు మీద వంగి అందిస్తే, ఇంకొకరు ఇంకా ఎక్కువ కదిలే డింగీలో నిలబడి అందుకోవాలి. పద్నాలుగు కిలోలైతే ఒక తాడు కట్టుకుని చేత్తో దించవచ్చు. ముప్పై ఏడు కిలోలకు స్టెర్న్ మీద, అంటే పెద్ద పడవ వెనక భాగం మీద, చిన్న క్రేను బిగించాలి, దానికి కప్పీలు, వాటి వెనక ఖర్చు.

తర్వాత పోటు, ఆటు. ఈ దీవుల్లోని ఫ్రైడే హార్బర్ దగ్గర రోజులో గరిష్ఠ, కనిష్ఠ నీటిమట్టాల మధ్య సగటు తేడా ఎనిమిది అడుగులకు దగ్గరగా ఉంటుంది, సియాటిల్‌లో పదకొండు దాటుతుంది. ఒడ్డు పదికి ఒకటి వాలులో ఉంటే నీరు ఎనిమిది అడుగులు దిగేసరికి నీటి అంచు ఎనభై అడుగులు వెనక్కి పోతుంది. భోజనం కట్టుకుని దీవి మీద రెండు మూడు గంటలు నడిచి వచ్చేసరికి డింగీ రాళ్ళ మీద పడి ఉంటుంది. పోటు సమయమైతే అది తేలి పోతుంది. రెండిట్లో ఏదైనా దాన్ని ఎత్తి మోయాలి. పదడుగుల ఫైబర్ అడుగు డింగీ యాభై అయిదు, అరవై కిలోలు, మోటారు ముప్పై ఏడు, పెట్రోలు ట్యాంకు పది. మొత్తం నూరు దాటింది. మన తూర్పు తీరంలో జాలర్లు ఫైబర్ పడవను ఇసుక మీదికి లాగేటప్పుడు ఊరంతా భుజం పడుతుంది. సూషా ఒడ్డున దిగిన భార్యాభర్తలకు సాయం వచ్చేవాళ్ళు లేరు. ఎనిమిదిన్నర అడుగుల గాలి అడుగు డింగీ, అంటే అడుగున కూడా గాలి నింపేది, పాతిక, ముప్పై కిలోలు. దానికి పద్నాలుగు కిలోల మోటారు. ముందు మోటారు విప్పి పైన పెట్టి, తర్వాత డింగీని చెరో పక్కా పట్టుకుని నడిపించుకుపోవచ్చు. చక్రాలు బిగించుకోవచ్చు కదా అంటారు. నున్నటి ఇసుక మీద చక్రాలు బాగా పనిచేస్తాయి. ఇక్కడి ఒడ్డు చాలాచోట్ల గుండ్రాళ్ళు, కొట్టుకొచ్చిన దుంగలు.

డింగీల్లో రకాలు స్థూలంగా మూడు. ఫైబర్, చెక్క లేదా ప్లాస్టిక్‌తో చేసిన గట్టి డింగీ ఒకటి. తెడ్లతో బాగా నడుస్తుంది, గీతలు పడినా దిగులు లేదు, కొన్నింటికి తెరచాప కూడా ఎత్తవచ్చు. కానీ అంచు మీద కాలు పెడితే ఒరుగుతుంది, పిల్లలూ పెద్దవాళ్ళూ ఎక్కేటప్పుడు గుండె జారుతుంది. గాలి నింపేది రెండోది. 1930లలో ఫ్రాన్సులోని జోడియాక్ కంపెనీలో రూపుదిద్దుకున్న ఈ రకం తెడ్లకు లొంగదు గానీ, చుట్టూ గాలి గొట్టాలుండడం వల్ల అంచు మీద ఒక మనిషి కూర్చున్నా కదలదు. గాలి తీసి చుట్టి లాకర్‌లో పెట్టవచ్చు. మూడోది రిబ్, గట్టి అడుగుకు చుట్టూ గాలి గొట్టాలు. ఇది 1960లలో వేల్స్‌లోని అట్లాంటిక్ కాలేజీలో పుట్టింది. అక్కడి ప్రిన్సిపాల్ రియర్ అడ్మిరల్ డెస్మండ్ హోర్ నేతృత్వంలో, రాతి తీరంలో ఆపదలో పడ్డ విద్యార్థులను కాపాడేందుకు దాన్ని రూపొందించారు. పేటెంటును ఆ తర్వాత బ్రిటన్ లైఫ్‌బోట్ సంస్థకు ఒక్క పౌనుకు ఇచ్చేశారు. తుఫానులో అలలకు ఎదురెళ్ళి మనుషుల్ని తెచ్చే పనికి పుట్టిన పడవ అది. దాని బలం, బరువు, ఆకలి అన్నీ ఆ పనికి తగ్గవే. సాయంత్రం కుక్కపిల్లను ఒడ్డుకు తిప్పుకురావడానికి అంత పడవ అక్కర్లేదు.

గాలి డింగీకి గుడ్డ ఎలాంటిదో చూసుకోవాలి. చవకది పీవీసీ. ఎండకు తట్టుకునేది హైపలాన్ అనే రబ్బరు. డ్యూపాంట్ కంపెనీ 2010లో దాని తయారీ మానేసినా, అదే రసాయనాన్ని ఇతరులు చేస్తున్నారు, పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. బహామాల్లోనో, విశాఖలోనో ఏడాది పొడుగునా ఎండలో ఉండే డింగీకి పీవీసీ కొనడం డబ్బు పారేసుకోవడమే, అతుకులు ఊడిపోతాయి. ఉత్తరాన 48 డిగ్రీల అక్షాంశంలో, వేసవిలో మాత్రమే బయటికి తీసి, పైన ఒక కవరు కప్పేవాళ్ళకు పీవీసీ చాలు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. ఈ ఒడ్డు రాళ్ళ నిండా బార్నకిల్స్ అనే గవ్వపురుగులు, కెనడా వైపు డెసొలేషన్ సౌండ్‌లోనైతే ఆల్చిప్పలు. రెండిటి అంచులూ బ్లేడులే. మెత్తటి అడుగున్న డింగీ ఎలా నిలుస్తుంది? ఈ ప్రశ్నను తేలిగ్గా తోసేయలేం. నిజానికి ఆ చిప్పల మీదికి డింగీని లాగితే రిబ్ గొట్టాలు కూడా చిరుగుతాయి, ఫైబర్ అడుగు గీసుకుపోతుంది. ఏ పడవనైనా అక్కడ లాగకూడదు, ఎత్తాలి. మోకాలి లోతు నీటిలో రబ్బరు బూట్లతో దిగి ఎత్తి దాటించగలిగేది తేలిక డింగీనే. బరువైనదాన్ని ఎత్తలేక లాగుతారు, లాగడంతోనే అది పాడవుతుంది. అయినా రాయి భయం తీరనివాళ్ళకు ఒక మధ్యేమార్గం ఉంది. పల్చటి అల్యూమినియం అడుగుతో ఎనిమిది, తొమ్మిది అడుగుల రిబ్‌లు వస్తున్నాయి, నలభై కిలోలకు అటూ ఇటూ ఉంటాయి. డబ్బుకు వెనకాడకపోతే ఈ తీరానికి అదే మంచి డింగీ అని ఒప్పుకుంటాను. కానీ దాని మీద కూడా రెండున్నర మోటారే పెట్టాలి. ఆ డింగీ మోయగలదు కదా అని పది పెట్టారో, ఎత్తే బరువు మళ్ళీ మొదటికి వస్తుంది.

తెడ్ల మాట ఎవరూ ఎత్తరు. అమ్మేవాడు ఉచితంగా ఇచ్చే రెండు ముక్కల అల్యూమినియం తెడ్లు, బొమ్మల్లాంటివి, సంచిలోంచి బయటికే రావు. వేల డాలర్ల డింగీ కొని తెడ్ల దగ్గర చూసుకోవడం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడడమే. తెడ్లు మోటారు చెడిపోయినప్పటి కోసమే కాదు. డెసొలేషన్ సౌండ్‌లోనూ, కెనడా వైపే ఉన్న గల్ఫ్ దీవుల్లోనూ ఒడ్డు దాకా నీరు చాలా లోతు, అఖాతాలు ఇరుకు, లంగరు చుట్టూ పడవ గుండ్రంగా తిరిగే చోటు ఉండదు. అందుకని లంగరు వేసి పడవను ఒడ్డు వైపు వెనక్కి నడిపి, వెనక నుంచి ఒక పొడుగాటి తాడును ఒడ్డు మీది చెట్టుకో, పార్కువాళ్ళు రాతిలో దిగేసిన ఇనుప కడియానికో చుట్టి తెస్తారు. గాలి పడవను పక్కకు నెట్టేలోపు ఆ తాడు ఒడ్డుకు చేరాలి. ఈ పని తెడ్లతో చేయాలి. మోటారుతో పోతే తేలే తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది. బుల్ కెల్ప్ అనే పొడవాటి సముద్రపు నాచులో కూడా ఇంతే. ఒక మామూలు మనిషి కొంతసేపు ఆపకుండా చూపగలిగే శక్తి డెబ్బై అయిదు, వంద వాట్లు. ఎనిమిదడుగుల గట్టి డింగీని రెండున్నర నాట్లతో పోనివ్వడానికి అది చాలు. గాలి డింగీకి పొడుగు తెడ్లు, బిగువైన కొక్కేలు విడిగా కొంటే నిలకడ నీటిలో అదీ కదులుతుంది. ఇరవై నాట్ల ఎదురుగాలిలో మాత్రం కదలదు. అందుకే మోటారు అక్కర్లేదని నేను అనడం లేదు.

ఆ చిన్న మోటారు పెట్రోలుదా, కరెంటుదా అన్నది ఈ పదేళ్ళలో వచ్చిన చర్చ. పాతకాలపు టూ స్ట్రోక్ మోటార్లు తేలికవే, కానీ పోసిన ఇంధనంలో పావు వంతు దాకా కాలకుండానే నీటిలో కలిసేది. 1996లో అమెరికా పర్యావరణ సంస్థ తెచ్చిన నిబంధనలతో కొత్తవి క్రమంగా మార్కెట్లోంచి పోయాయి. ఇప్పుడున్నవి ఫోర్ స్ట్రోక్‌లు. తెరచాప పడవ యజమాని వీటి మీద రెండు ఫిర్యాదులు చెబుతాడు, రెండూ న్యాయమే. అమెరికాలో అమ్మే పెట్రోలులో సాధారణంగా పది శాతం ఇథనాల్ ఉంటుంది. అది తేమ పీల్చుకుంటుంది, నెలల తరబడి వాడని చిన్న మోటారులో జిగురు కట్టి కార్బ్యురేటర్‌లోని సన్నటి రంధ్రాన్ని మూసేస్తుంది. ఏడాదికి ఇరవై రోజులు వాడే మోటారుకు ఇదే అసలు రోగం. రెండోది, పెద్ద పడవలో ఇంజిన్ డీజిల్‌ది కాబట్టి పెట్రోలు ఈ మోటారు కోసమే విడిగా తేవాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పడవ అడుగున చేరితే ఒక నిప్పురవ్వ చాలు.

జర్మనీలో 2005లో మొదలైన టార్కీడో, హాంకాంగ్ కంపెనీ ఈప్రొపల్షన్ ఒక కిలోవాట్ తరగతి కరెంటు మోటార్లు చేస్తున్నాయి. 2024లో టార్కీడోను యమహా కొనేసిందంటే పెట్రోలు కంపెనీలు కూడా గాలి ఎటు వీస్తోందో చూసుకున్నాయన్నమాట. బ్యాటరీ పోతే? అన్నది మొదటి అభ్యంతరం. ఈప్రొపల్షన్ చిన్న మోటారు బ్యాటరీలో సుమారు 1.27 కిలోవాట్ గంటల శక్తి ఉంటుంది. లీటరు పెట్రోలులో తొమ్మిది కిలోవాట్ గంటల వేడి ఉన్నా, చిన్న ఇంజిన్లు అందులో ఎనిమిదో వంతుకు అటూ ఇటూ మాత్రమే పనిగా మార్చగలవు. అంటే ఆ బ్యాటరీ సుమారు ఒక లీటరు పెట్రోలుతో సమానం. హోండా చిన్న మోటారు ట్యాంకులో పట్టేది కూడా ఒక లీటరుకు కాస్త ఎక్కువే. నిండు వేగంతో బ్యాటరీ గంటంపావు వస్తుంది. వేగం కొంచెం తగ్గిస్తే చాలా ఎక్కువ వస్తుంది, ఎందుకంటే అవసరమైన శక్తి వేగపు ఘనంతో పాటు మారుతుంది, వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతు చాలు. రోజుకు నాలుగు సార్లు ఒడ్డుకు పోయిరావడమంటే మూడు కిలోమీటర్ల చిల్లర. ఆ ఖర్చును పెద్ద పడవ మీది వంద వాట్ల సోలార్ పలక వేసవి ఎండలో తిరిగి నింపేస్తుంది. బ్యాటరీ తొమ్మిది కిలోలు, కింది కాడ పదకొండు, రెండూ విడివిడిగా దించుకోవచ్చు. మొత్తంగా పెట్రోలు మోటారు కంటే బరువే అయినా, ఒక్కసారి ఎత్తేది తక్కువ. ధర మాత్రం బాగా ఎక్కువ. ఒకేచోట వారం ఉండి సోలార్ లేనివాళ్ళకూ, రోజుకు అయిదారు మైళ్ళు డింగీలో తిరిగేవాళ్ళకూ ఇప్పటికీ పెట్రోలే నయం.

భద్రత కోసమైనా పెద్ద మోటారు ఉండాలనేవాళ్ళున్నారు. ప్రవాహం లాగేస్తే రెండున్నర ఏం నిలబెడుతుంది? నిజమే, డిసెప్షన్ పాస్ అనే ఇరుకు జలసంధిలో నీరు ఎనిమిది నాట్ల దాకా పరుగెత్తుతుంది, శాన్ హువాన్ చానెల్ దక్షిణపు ఇరుకులో అయిదు దాకా. కానీ ఆ ఇరుకుల్లో పెద్ద తెరచాప పడవలే ప్రవాహం నిలిచే వేళ కోసం గడియారం చూసుకుని కూర్చుంటాయి. అక్కడ డింగీకి పనేమిటి? పది హార్స్‌పవర్ ఉందన్న ధైర్యంతో అటు పోయినవాళ్ళ మోటారు ఆగితే బరువైన రిబ్‌ను తెడ్లతో తిప్పలేరు. ప్రమాదం మోటారు చిన్నదవడంలో కన్నా నీటిలో పడడంలో ఉంది. ఈ నీరు వేసవిలో కూడా పది, పదమూడు డిగ్రీలు. చల్లనీటిపై పరిశోధనలు చేసిన మానిటోబా విశ్వవిద్యాలయపు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఒకటి, పది, ఒకటి అనే లెక్కను ప్రచారంలోకి తెచ్చారు: ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్ళూ మాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి ఒక గంట. అమెరికా కోస్ట్ గార్డ్ ఏటా ఇచ్చే లెక్కల్లో పడవ ప్రమాదాల మృతుల్లో నలుగురిలో ముగ్గురు మునిగిపోయినవాళ్ళే, వాళ్ళలో ఎనభై శాతానికి పైగా లైఫ్ జాకెట్ వేసుకోనివాళ్ళు. నాలుగు వందల మీటర్లే కదా అని జాకెట్ పెద్ద పడవలో వదిలేసి పోయేది డింగీలోనే.

చట్టం కూడా మోటారు సైజును బట్టి మెట్లు కట్టింది. మూడు హార్స్‌పవర్, ఆపైన ఉన్న చిన్న పడవల్లో జారే వేగంతో పోయేటప్పుడు, నడిపేవాడు పడిపోతే ఇంజిన్ ఆగిపోయే తాడు తగిలించుకుని తీరాలని 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ నిబంధన. పెద్ద పడవకు రిజిస్ట్రేషన్ ఉండి, డింగీని ఒడ్డుకు పోయిరావడానికే వాడితే, పది హార్స్‌పవర్ లోపు మోటారున్న డింగీకి వాషింగ్టన్‌లో విడిగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పెద్ద పడవ నంబరు పక్కన ఒకటి అంకె చేర్చి రాస్తే చాలు. దుకాణాల్లో తొమ్మిది పాయింట్ తొమ్మిది మోటార్లు అంతగా అమ్ముడుపోవడానికి ఇలాంటి హద్దులూ ఒక కారణమేమో. పదిహేను, ఆపైన అయితే నడిపేవాళ్ళలో చాలామందికి రాష్ట్రపు బోటర్ కార్డు కావాలి. పన్నెండేళ్ళు, ఆలోపు పిల్లలు పంతొమ్మిది అడుగుల లోపు పడవలో కదిలేటప్పుడు జాకెట్ వేసుకునే ఉండాలి.

పిల్లలతో కలిపి నలుగురైతే? ఈ వాదనకు అన్నిటికంటే బరువైన ఎదురుప్రశ్న ఇదే. ఎనిమిదడుగుల డింగీలో నలుగురు, రెండు సంచులు ఎక్కితే నీరు అంచుకు దగ్గరవుతుంది. నా జవాబు తొమ్మిదిన్నర అడుగుల గాలి అడుగు డింగీ, మూడున్నర హార్స్‌పవర్. మోటారుకు నాలుగయిదు కిలోలు, డింగీకి మరికొన్ని కిలోలు పెరుగుతాయి, అయినా ఇద్దరి చేతుల్లో ఇముడుతుంది. గాలి రేగినప్పుడు రెండు విడతలుగా దాటాలి. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయితే వాళ్ళే ఎత్తే చేతులవుతారు. సరదాగా దూరపు అఖాతాలు చుట్టి రావాలనీ, నీటి మీద జారాలనీ పిల్లలు అడగవచ్చు, అది తప్పేం కాదు. ఆ సరదానే ముఖ్యమైతే మధ్యలో ఆగకుండా అల్యూమినియం రిబ్, తొమ్మిది పాయింట్ ఎనిమిది, స్టెర్న్ మీద ఎత్తి కట్టే ఇనుప చేతులు అన్నీ కలిపి కొనాలి. ఆ ఇనుప చేతులు లేకుండా రిబ్ కొన్నవాళ్ళు దాన్ని ఎప్పుడూ తాడుతో లాక్కుపోవలసిందే. ఆ లాగుడుకు ముప్పై అడుగుల పడవ వేగం అర నాట్ దాకా తగ్గుతుంది. తెరచాపలు నేర్పుగా సర్ది సంపాదించుకునేది కూడా అంతే ఉంటుంది.

కొనే రోజు దుకాణంలో రెండు పనులు చేయాలి. మోటారును స్టాండు మీద నుంచి విప్పించి, ఇద్దరిలో బలం తక్కువున్నవారు ఒక చేత్తో ఏదైనా కమ్మీ పట్టుకుని రెండో చేత్తో దాన్ని నడుము ఎత్తుకు లేపి చూడాలి, ఎందుకంటే కదిలే డెక్కు మీద రెండు చేతులూ ఎప్పుడూ దొరకవు. తర్వాత ఆ మోటారును ఏ పక్కకు పడుకోబెట్టాలో అడిగి, మూత మీద ఆ గుర్తు చూపించమనాలి. ఫోర్ స్ట్రోక్ మోటారును తప్పు పక్కకు పడుకోబెడితే ఇంజిన్ ఆయిల్ సిలిండర్‌లోకి దిగుతుంది. మర్నాడు పొద్దున్నే ఎంత తాడు లాగినా అది తెల్లటి పొగ కక్కుతూ మొరాయిస్తుంది.